బస్సులో పక్క సీటు వాళ్ళకు నా మచ్చల సంగతి ఎందుకు?

పాఠకుల ప్రశ్నలు, చర్మవైద్యురాలి జవాబులు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నాకు 26 ఏళ్ళు. తెనాలి నుంచి గుంటూరుకు రోజూ పల్లెవెలుగు బస్సులో వెళ్ళి వస్తాను. ఒక బ్యాంకులో క్యాషియర్‌ని. మూడేళ్ళుగా వేళ్ళ చివర్లా, పెదాల పక్కనా బొల్లి మచ్చలున్నాయి. వైద్యం జరుగుతోంది. నన్ను బాధపెడుతున్నది మచ్చలు కాదు, మనుషులు. జీరో టికెట్ కోసం ఆధార్ కార్డు చూపిద్దామని చెయ్యి చాపితే చాలు, ‘చేపలు తిని పాలు తాగావా?’ అని ఒకరు, ‘పెళ్ళి కాలేదా, అయ్యో’ అని ఇంకొకరు. మొన్న ఒకావిడ నా పక్కన కూర్చున్నదల్లా లేచి వెళ్ళి నిలబడింది. బ్యాంకులో ఒక పెద్దాయన నా చేతి నుంచి నోట్లు తీసుకోనన్నారు. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పడం నాకు రాదు. అమ్మేమో గ్లౌజులు వేసుకుని వెళ్ళమంటోంది. ఏం చెయ్యను?

జవాబు: నా మనవరాలి ఈడుదానివి, అందుకే నువ్వనే రాస్తున్నాను తల్లీ.

ముందు బ్యాంకు సంగతి చూద్దాం. బస్సులో మాటను వదిలేసినట్టు దీన్ని వదలకు. అది నీ పనిచోటు. మేనేజరుకు చెప్పు, చెప్పినదాన్ని కాగితం మీద కూడా రాసివ్వు. ఇది అంటుకునేది కాదు అనే మాట ఆ పెద్దాయనకు చెప్పవలసింది నువ్వు కాదు, మేనేజరు. ‘నిన్ను కొన్నాళ్ళు వెనక బల్లకు మారుస్తాంలే’ అంటే, నీకు ఇష్టమైతే తప్ప ఒప్పుకోకు.

బస్సు వేరు. అక్కడ ఎవరికీ నువ్వు సంజాయిషీ చెప్పుకోవలసిన పని లేదు. పెద్దవాళ్ళంటే గౌరవం ఉండాలి, నిజమే. కానీ ఆ గౌరవం కోసం నీ జబ్బు చరిత్రంతా విప్పి చెప్పనక్కర్లేదు. ‘డాక్టరుగారికి చూపించుకుంటున్నానండీ’ అని ఒక్క మాట అను. గొంతు పెంచకు, నవ్వు పులుముకోకు, కిటికీ వైపు తిరిగిపో. ‘అయినా సరే, మా ఊళ్ళో ఒకాయన పసరు...’ అని మళ్ళీ మొదలుపెడితే, ‘ఆ మాట వదిలేద్దామండీ’ అను. ‘అండీ’ ఉంది కాబట్టి మర్యాదకు లోటు రాదు. మూడోసారికి మాట్లాడకపోయినా తప్పు లేదు. చాలామంది అమ్మాయిలు నా దగ్గర ఏడ్చింది ఎదుటివాళ్ళ మాటకు కాదు, ఆ మాటకు తాము అరగంట సేపు జవాబు చెప్పుకోవలసి వచ్చినందుకు.

మన దగ్గర ‘ఏంటమ్మా, చిక్కిపోయావ్’ అనడం ప్రేమే. పిన్నో, పక్కింటి అత్తయ్యో అంటే నేనూ సంతోషిస్తాను. వాళ్ళు రేపు కూడా మన ఇంటికి వస్తారు, మనకు జ్వరమొస్తే జావ కాచి తెస్తారు. ముక్కూ ముఖం తెలియని మనిషి, పది నిమిషాల్లో దిగిపోయే మనిషి, నీ ఒంటి మీద వేలు పెట్టి చూపించి ఇది ఎందుకొచ్చిందని అడగడం ప్రేమ కాదు. చాలాసార్లు అది భయం. నాకూ అంటుకుంటుందేమో, నా పిల్లకూ వస్తుందేమో అని.

ఆ భయం తీర్చడం నీ బాధ్యత కాదు. అయినా నిజం నీకు గట్టిగా తెలిసి ఉంటే మాటలు లోపలికి గుచ్చుకోవు కాబట్టి చెబుతున్నాను. చర్మానికి రంగునిచ్చే కణాల మీద మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే దాడి చేయడం వల్ల బొల్లి వస్తుంది. ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు, నోట్లు అందుకుంటే అసలే రాదు. ప్రపంచంలో నూటికి ఒకరికి అటూ ఇటూగా ఉంటుంది. మైఖేల్ జాక్సన్‌కు ఉండేది. ఆయన చనిపోయిన జూన్ 25నే 2011 నుంచి ప్రపంచ బొల్లి దినంగా పాటిస్తున్నారు. చేపలూ పాలూ కలిపి తింటే వస్తుందన్నదానికి ఆధారం లేదు. బెంగాల్లో, కేరళలో రోజూ చేపలు తినేవాళ్ళు పెరుగూ పాలూ మానేశారా?

కుష్ఠు అని భయపడేవాళ్ళూ ఉన్నారు. కుష్ఠు మచ్చ మీద స్పర్శ తగ్గుతుంది, బొల్లి మచ్చ మీద మామూలుగానే ఉంటుంది. ఆ మాటకొస్తే కుష్ఠు కూడా 6 నుంచి 12 నెలల మందులతో నయమయ్యేదే. వాళ్ళ పక్కనుంచి లేచిపోవడమూ అన్యాయమే.

పత్యం గురించి గట్టిగా చెప్పాలి. బస్సులో ఒకరు, గుళ్ళో ఒకరు చెప్పిన మాటలు పోగేసుకుని చింతపండు, వంకాయ, గుడ్డు, చేప, నిమ్మకాయ, చివరికి ఉప్పు కూడా మానేసిన ఒక పిల్ల మా ఓపీకి వచ్చింది. మచ్చలు అలాగే ఉన్నాయి. పిల్ల మాత్రం రక్తం లేక పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసపడుతోంది. ఆమెకు ఆ సలహాలిచ్చిన వాళ్ళెవరూ ఆమెను మళ్ళీ చూసి ఉండరు. నువ్వు అన్నీ తిను. నిమ్మకాయ పులిహోర కూడా తిను.

ఇంకో నిజం. ముఖం మీది మచ్చలు వైద్యానికి బాగా లొంగుతాయి. వేళ్ళ చివర్లు, పెదాలు మొండివి. పూత మందులు, వారానికి రెండు మూడుసార్లు ఇచ్చే అల్ట్రావయొలెట్ కాంతి చికిత్స నెలల తరబడి నడవాలి. ఏడాదిపాటు కొత్త మచ్చ రాకుండా ఉంటే చర్మం మార్పిడి గురించి ఆలోచించవచ్చు. ‘ఇన్నాళ్ళయింది, ఇంకా తగ్గలేదా?’ అని బస్సులో ఎవరైనా అంటే నీ డాక్టరును అనుమానించకు. ఇప్పటిదాకా చేయించుకోకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించుకో, ఈ రెండూ కొందరిలో కలిసి ఉంటాయి.

అమ్మ మీద కోపం తెచ్చుకోకు. ఆమె కూడా నీలాగే ఆ మాటలు పడుతోంది. కానీ బిగుతు గ్లౌజులు రోజంతా వేసుకోవద్దు. ఒకేచోట రాపిడి పడితే అక్కడ కొత్త మచ్చ లేచే అవకాశం ఉంది. తెల్లమచ్చ మీద చర్మం ఎండకు తొందరగా కాలుతుంది, అందుకని మధ్యాహ్నం చున్నీ కప్పుకో. మనుషుల చూపుకు భయపడి మాత్రం వద్దు. పెళ్ళి మాట వస్తే ముందే చెప్పి చేసుకోండి. బొల్లి ఉన్నవాళ్ళ పిల్లల్లో ఎక్కువమందికి అది రాదు. పెళ్ళయ్యాక విడాకులిస్తారని బెదిరించేవాళ్ళుంటారు. చర్మ జబ్బుల్లో, చట్టంలో విడాకులకు కారణంగా రాసి ఉండేది కుష్ఠు, దాన్ని కూడా 2019లో తీసేశారు. బొల్లి ఆ జాబితాలో ఎన్నడూ లేదు.

ప్రశ్న: నేను రిటైరైన హెడ్మాస్టర్ను, సిద్దిపేట. రైతు బజారులో ఒక అమ్మాయి మెడ మీద తెల్లమచ్చలు చూసి, బావంచాల నూనె రాసుకుని ఎండలో కూర్చోమని చెప్పాను. ‘మిమ్మల్ని నేనడిగానా?’ అని విసురుగా వెళ్ళిపోయింది. మంచికి చెప్పినా తప్పేనా?

జవాబు: మీ మనసు మంచిదే సారూ, అనుమానం లేదు. కానీ ఆ సలహా ప్రమాదం. బావంచాల్లో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. దానికి ఎండ తోడైతే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. వైద్యంలోనూ సోరలెన్ వాడతాం, మోతాదూ వెలుతురూ కొలిచి వాడతాం. ఇంట్లో నూనె రాసుకుని ఎండలో కూర్చుని, మెడంతా నీటిబొబ్బలతో వచ్చినవాళ్ళకు కట్లు కట్టిన చేతులు నావి. కాలిన చోట కొత్త మచ్చ రావడం కూడా చూశాను.

ఆ అమ్మాయి విసురు గురించి. మీరు ఆమెకు చెప్పింది జీవితంలో ఒక్కసారి. ఆమె ఆ మాట వినని రోజు లేదు. కూరగాయలు కొనుక్కుందామని వచ్చిన మనిషి, పది మందిలో మళ్ళీ రోగి అయిపోయింది. ఇంకెప్పుడైనా అలాంటివాళ్ళు కనబడితే టమాటా ధర అడగండి, వంకాయలు లేతగా ఉన్నాయేమో అడగండి. మీ స్కూల్లో చదివిన పిల్లే అయి, తనంతట తానే మీ సలహా అడిగితే, సర్కారు దవాఖానలో చర్మం ఓపీ ఉంటుందని చెప్పండి. ఆటో ఛార్జీకి సాయం చేసినా మంచిదే.

అయితే మాట్లాడి తీరాల్సిన సందర్భం ఒకటుంది. ఎవరికైనా ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. అప్పుడు పరాయివాళ్ళని మొహమాటపడకుండా 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే పడాలి. మీ పెద్దరికం అక్కడ ప్రాణం నిలబెడుతుంది.

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్ళు. మోకాళ్ళ మీద మచ్చలు. కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ పార్కులో ఎవరో ఒకరు నన్ను ఆపి, ‘కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు?’ అని అడుగుతారు. ఇద్దరు పిల్లలు వాణ్ణి ఆటలోకి రానివ్వడం లేదు.

జవాబు: మీరు తిన్నదేదీ దీనికి కారణం కాదమ్మా. ఆ ప్రశ్న వచ్చినప్పుడు బాబు అక్కడే నిలబడి ఉంటాడు. మీ జవాబు అడిగినావిడ కోసం కాక, వాడు వినడానికి చెప్పండి: ‘మావాడికి నొప్పేమీ లేదండీ, ఎవరికీ అంటుకోదు, బ్రహ్మాండంగా ఆడతాడు.’ అవే మాటలు రెండు రోజుల్లో వాడి నోటికి వచ్చేస్తాయి. ఇంట్లో అద్దం ముందు ఒకసారి చెప్పించండి కూడా. వాణ్ణి ఫుల్ ప్యాంట్లకు మార్చకండి, వాడంతట వాడు అడిగితే తప్ప. క్లాస్ టీచరుకు ముందే చెప్పి ఉంచండి. ఆ ఇద్దరు పిల్లల తల్లుల్లో మీకు చనువున్నావిడను మీ ఇంటికి టీకి పిలిచి, డాక్టరు చెప్పింది చెప్పండి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి, వాడి ఒంటి మీద అక్కడ మళ్ళీ చర్చ మొదలవుతుంది.