ముప్పై వేల స్మార్ట్‌వాచ్ వాయిదాల మీద కొనవచ్చా?

ప్రశ్న: మాది నల్గొండ. నా వయసు 36 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం, నెలకు చేతికి 46,000 రూపాయలు వస్తాయి. అద్దె, ఇంటి ఖర్చులు, బైకు వాయిదా, నాన్నగారి మందులు అన్నీ కలిపి 34,000 దాకా అవుతాయి. నెలకు 5,000 చీటీ, 3,000 మ్యూచువల్ ఫండ్ సిప్ కడుతున్నాను. బ్యాంకు ఖాతాలో 40,000 ఉన్నాయి. నాన్నగారికి 71 ఏళ్లు. బీపీ, షుగరు ఉన్నాయి. నేను కూడా బరువు పెరిగాను. 30,000 రూపాయల స్మార్ట్‌వాచ్‌ను 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ మీద తీసుకుంటే నేను రోజూ వాడుకోవచ్చు, అప్పుడప్పుడు నాన్నగారి చేతికి పెట్టి బీపీ, గుండె చూడవచ్చు అనుకుంటున్నాను. రోజువారీ వాడకానికి అంత పెట్టడం సబబేనా?

జవాబు: ఈ ధరకు, ఈ వాయిదాల పద్ధతిలో, మీ ఇంటి ప్రస్తుత పరిస్థితిలో కొనవద్దన్నదే నా సలహా. స్మార్ట్‌వాచ్ పనికిరాని వస్తువని నేను అనడం లేదు. మీరు దాని నుంచి ప్రధానంగా రెండు పనులు ఆశిస్తున్నారు. మీ నడకను లెక్కపెట్టే పని మీ జేబులోని ఫోను ఇప్పటికే చేస్తుంది. నాన్నగారి బీపీ చూసే పనిని ఆ వాచీ నమ్మదగినంతగా చేయలేదు.

మొదట డబ్బు సంగతి చూద్దాం. మీరు చెప్పిన లెక్క ప్రకారం ఖర్చులు, చీటీ, సిప్ పోగా నెలకు మిగిలేది 4,000. వాచీ వాయిదా 2,500 పోతే ఏడాది పాటు మీకు నెలకు 1,500 మాత్రమే మిగులుతుంది. పెద్ద వయసు తండ్రి ఉన్న ఇంట్లో కనీసం మూడు నెలల ఖర్చు, అంటే మీ విషయంలో 1,02,000 రూపాయలు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోగలిగేలా ఉండాలి. మీ దగ్గర ఉన్నది 40,000. చీటీ డబ్బును ఇందులో కలుపుకోవద్దు, ఎందుకంటే అవసరం వచ్చిన నెలలోనే పాట మీకు దక్కుతుందన్న హామీ లేదు, దక్కినా తొందరలో ఉన్నవారు ఎక్కువ తగ్గించుకుని పాడుకోవలసి వస్తుంది.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. వడ్డీ లేని అప్పును ఏ బ్యాంకూ ఇవ్వదు. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. జరిగేది ఏమిటంటే, వడ్డీకి సమానమైన మొత్తాన్ని అమ్మకందారు ధరలో తగ్గిస్తాడు, బ్యాంకు ఆ తగ్గిన ధర మీద వడ్డీ వేసి మళ్లీ 30,000కు తెస్తుంది. ఉదాహరణకు ఏడాదికి 16 శాతం వడ్డీ అనుకుంటే అసలు సుమారు 27,550, వడ్డీ సుమారు 2,450 అవుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ దాదాపు 440 రూపాయలు. దానికి ప్రాసెసింగ్ ఫీజు, ఆ ఫీజు మీద జీఎస్టీ వేరు. ఫీజు 199 అయితే పన్నుతో కలిపి 235. ఈ 675 రూపాయలు మీ జేబులోంచే పోతాయి. ఇది పెద్ద మొత్తం కాదన్నది నిజమే. అయితే అదే వాచీని మొత్తం డబ్బు ఒకేసారి చెల్లించి కొంటే ఏదైనా తగ్గింపు వచ్చేదేమో కూడా అడిగి చూడాలి, ఎందుకంటే వాయిదాల ఆఫరు తీసుకున్నవారికి చాలాసార్లు ఆ తగ్గింపు దక్కదు. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. వాయిదా కలిసిన క్రెడిట్ కార్డు బిల్లును ఒక్క నెల పూర్తిగా కట్టలేకపోతే మిగిలిన బాకీ మీద పడే వడ్డీ చాలా కార్డుల్లో నెలకు 3.5 శాతం ప్రాంతంలో, అంటే ఏడాదికి 40 శాతం దాటి ఉంటుంది. నెలకు 1,500 మాత్రమే మిగిలే ఇంట్లో అలాంటి నెల రావడానికి నాన్నగారికి ఒక్కసారి జ్వరం వచ్చి రెండు రోజులు ఆసుపత్రిలో ఉంటే చాలు.

వస్తువు ధరను అది పనిచేసే కాలంతో భాగించి చూడడం నాకు అలవాటు. స్మార్ట్‌వాచ్‌లో ఉండేది చిన్న లిథియం అయాన్ బ్యాటరీ; దాన్ని రోజూ లేదా రెండు రోజులకోసారి ఛార్జ్ చేస్తూ ఉంటే మూడు నాలుగు ఏళ్లకు దాని సత్తువ బాగా తగ్గిపోతుంది. చాలా మోడళ్లలో దాన్ని మార్చడం సర్వీస్ సెంటరు పని, అదీ ఖర్చుతో కూడినది. నాలుగేళ్లు వస్తుందనుకుంటే 30,000 వాచీ మీకు నెలకు 625 రూపాయల ఖర్చు, మూడేళ్లే వస్తే 833. వారంటీ సాధారణంగా ఒక ఏడాదే. నీటిని తట్టుకునే గుణం కూడా కాలంతో పాటు తగ్గుతుందని తయారీదారులే చెబుతారు. ఈ నెలసరి ఖర్చును మీరు మందులకు పెట్టే డబ్బు పక్కన పెట్టి చూసుకోండి.

ఆరోగ్యం విషయం కాస్త విపులంగా చెప్పాలి, ఎందుకంటే మీలాంటి వారు అంత డబ్బు పెట్టడానికి ఒప్పుకునేది దీనికోసమే. వాచీ వెనుక ఉండే ఆకుపచ్చ దీపాలు చర్మం కింద రక్తం కదలికను బట్టి గుండె వేగాన్ని లెక్కిస్తాయి. మనిషి కదలకుండా ఉన్నప్పుడు ఈ లెక్క బాగానే ఉంటుంది. బీపీ అలా కాదు. బీపీ చూపే వాచీల్లో ఎక్కువ భాగం నాడి తరంగాన్ని బట్టి అంచనా వేస్తాయి. పేరున్న కంపెనీ ఒకటి తన వాచీలోని ఈ సదుపాయాన్ని 28 రోజులకోసారి చేతికి పట్టీ కట్టే బీపీ మిషన్‌తో సరిచూసుకోవాలని తానే నిబంధన పెట్టింది. అంటే వాచీ కొన్నా బీపీ మిషన్ కొనక తప్పదు. రెండు వేల రూపాయల వాచీలు తెర మీద చూపించే బీపీ అంకెలను చూసి నాన్నగారి మాత్ర పెంచడం, తగ్గించడం వంటివి దయచేసి ఎప్పుడూ చేయకండి. షుగరు సంగతి ఇంకా స్పష్టం: చర్మానికి సూది తగలకుండా రక్తంలో చక్కెరను కొలుస్తామని చెప్పుకునే ఏ స్మార్ట్‌వాచ్‌కూ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని నమ్మవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది.

గుండె లయ తప్పడాన్ని గుర్తించడంలో ఖరీదైన వాచీలకు నిజమైన ప్రయోజనం ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యులు యాపిల్ వాచీ ధరించిన 4,19,000 మందికి పైగా పరిశీలించి 2019 నవంబరులో ప్రచురించిన అధ్యయనంలో, లయ సరిగా లేదన్న హెచ్చరిక వచ్చింది మొత్తం మీద 0.52 శాతం మందికే. 65 ఏళ్లు, ఆపై వయసు వారిలో అది 3.1 శాతం, 40 ఏళ్ల లోపు వారిలో 0.16 శాతం, అంటే వెయ్యి మందిలో ఇద్దరి కన్నా తక్కువ. మీ వయసువారికి ఈ సదుపాయం వల్ల ఒరిగేది చాలా స్వల్పమని, అవసరపడితే అది నాన్నగారికేనని ఈ అంకెలు చెబుతున్నాయి. కానీ ఆయనకు ఉపయోగపడాలంటే వాచీ ఆయన చేతికే, ఎక్కువ సేపు ఉండాలి. ఒకే వాచీని తండ్రీ కొడుకులు మార్చి మార్చి పెట్టుకుంటే ఇద్దరి లెక్కలు కలిసిపోయి, డాక్టరుకు చూపించడానికి ఎవరి రికార్డూ మిగలదు. గుండెపోటును ఈ వాచీలు గుర్తించలేవన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఛాతీలో నొప్పి వస్తే వాచీ ఏమీ చూపించకపోయినా వెంటనే 108కు ఫోన్ చేయాలి.

మీ బరువు విషయానికి వస్తే, రోజుకు పదివేల అడుగులన్న లక్ష్యం మొదట ప్రచారంలోకి వచ్చింది 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల లెక్క పరికరం ద్వారా. అది వైద్యులు పెట్టిన గీత కాదు. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థాయి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు అరగంట చొప్పున వారంలో ఐదు రోజుల చురుకైన నడకతో అందులో కింది హద్దు చేరుకోవచ్చు. దీన్ని లెక్కపెట్టడానికి ఫోనులోని ఉచిత యాప్ సరిపోతుంది. నడిచేవారికి రెన్యువల్ ప్రీమియంలో రాయితీ ఇచ్చే కొన్ని ఆరోగ్య బీమా సంస్థలు కూడా ఫోను యాప్‌లోని అడుగులను లెక్కలోకి తీసుకుంటాయి కాబట్టి, ఆ రాయితీ కోసం వాచీ కొనవలసిన పని లేదు.

కొందరికి ఈ ఖర్చు న్యాయమేనని నేను ఒప్పుకుంటాను. లయ తప్పే జబ్బు ఉందేమోనన్న అనుమానంతో హృద్రోగ నిపుణులు స్వయంగా సూచించినవారు, పడిపోతే ఇంటివారికి సమాచారం వెళ్లడం అవసరమైన ఒంటరి వృద్ధులు, దూరపు పరుగులో శిక్షణ పొందుతున్నవారు అలాంటివారు. ఆఫీసులో ఫోను బయటికి తీయకుండా కాల్స్, మెసేజ్‌లు చూసుకోవడానికైతే మూడు నాలుగు వేల రూపాయల వాచీ చాలు.

మీరు ఈ నెలలోనే చేయవలసిన పనులు ఇవి. రెండు వేల రూపాయల ప్రాంతంలో వచ్చే, పై చేతికి పట్టీ కట్టే డిజిటల్ బీపీ మిషన్ ఒకటి కొని, ఉదయం సాయంత్రం చూసిన అంకెలను పుస్తకంలో రాసి డాక్టరుకు చూపించండి. నాన్నగారికి 70 దాటాయి కనుక, ఆదాయంతో నిమిత్తం లేకుండా కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టిన ఆయుష్మాన్ వయ వందన కార్డుకు ఆధార్‌తో నమోదు చేయించండి. దాని ద్వారా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి వైద్యం లభిస్తుంది. ఇంతవరకు ఈ కార్డు తీసుకోకపోతే, మీ ఇంటికి వాచీ కన్నా ముందు కావలసింది ఇదే. వాచీకి కట్టాలనుకున్న 2,500ను జీతం పడిన మర్నాడే రికరింగ్ డిపాజిట్‌లోకి వెళ్లేలా బ్యాంకుకు ఆదేశం ఇవ్వండి. ఏడాదికి 30,000, దాని మీద వడ్డీ చేరి, మీ నిల్వ 70,000 దగ్గరికి వస్తుంది.

మూడు నెలలు క్రమంగా నడిచాక కూడా చేతికి ఒకటి ఉంటే బాగుంటుందనిపిస్తే, 5,000 లోపు వాచీని చేతిలోని డబ్బుతో కొనుక్కోండి, నాకు అభ్యంతరం లేదు. కొనే ముందు అది మీ ఫోనుతో పనిచేస్తుందో లేదో కచ్చితంగా చూడండి: యాపిల్ వాచీకి ఐఫోను తప్పనిసరి, 2021 నుంచి వస్తున్న శాంసంగ్ గెలాక్సీ వాచీలు ఆండ్రాయిడ్ ఫోన్లతోనే పనిచేస్తాయి, వాటిలో ఈసీజీకి శాంసంగ్ ఫోనే కావాలి. సర్వీస్ సెంటరు నల్గొండలో ఉందా, హైదరాబాదు పంపాలా, వారంటీ తీరాక బ్యాటరీ మార్చడానికి ఎంత తీసుకుంటారు అన్నవి దుకాణంలోనే అడగండి. జీఎస్టీ బిల్లు తప్పకుండా తీసుకుని దాచుకోండి; వారంటీలో ఉన్న వాచీని బాగుచేయడానికి నిరాకరిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసేటప్పుడు ఆ బిల్లే మీకు ఆధారం.