జెండా దించాక ఏం చేయాలి?

ప్రశ్న: పోయిన ఆగస్టులో మేడ మీద జెండా కట్టాం. రాత్రిళ్లు కూడా దించలేదు, అది తప్పా? వానకీ గాలికీ అంచు పీలికలైంది. పారేయడానికి మనసొప్పక బీరువాలో పెట్టాను. మా అత్తగారు కృష్ణలో కలపమంటున్నారు.
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రాత్రి సంగతి గురించి దిగులొద్దమ్మా. ఒకప్పుడు పొద్దు గుంకేలోగా దించాల్సిందే, కానీ 2022 జులైలో ఫ్లాగ్ కోడ్ (జెండా ఎలా వాడాలో చెప్పే నియమాలు) మార్చాక ఇళ్ల మీద రాత్రీ పగలూ ఉంచుకోవచ్చు. పాలిస్టర్ జెండాలు, మిషన్ మీద చేసినవి వాడుకోవడానికైతే అంతకు ముందే, 2021 డిసెంబరులో ఒప్పుకున్నారు. మారనిది ఒకటుంది, చిరిగిన జెండా ఎగరకూడదు. అంచు పీలికలవడం మొదలైన రోజే దించాల్సింది.

నదిలో మాత్రం వద్దు. పాత దేవుడి పటాలు అలాగే కలుపుతాం కాబట్టి అత్తగారు అన్నారు, ఆ మనసు మంచిదే, కానీ పాలిస్టర్ గుడ్డ నీళ్లలో కరగదు, రెండు రోజులకి ఏ రేవు మెట్ల దగ్గరో బురదలో కనపడితే అది చూసి మీరే ఏడుస్తారు. కోడ్ చెప్పేదేంటంటే, నలుగురి కంటా పడకుండా, ముక్కలు చేయకుండా మొత్తం జెండాని ఒకేసారి, వీలైతే కాల్చి, గౌరవంగా ముగించాలి. చాటుగా అనడానికి కారణం ఉంది. అందరి ఎదుటా జెండా తగలబెట్టడం, జాతీయ చిహ్నాల్ని అవమానించకుండా తెచ్చిన 1971 చట్టం కింద 3 ఏళ్ల దాకా జైలు పడే నేరం. పాలిస్టర్ కరిగి చేతికి అంటుకుంటుంది, ఆరుబయటే అయినా ఎవరూ చూడని చోట, ఇనప బకెట్లో పెట్టి జాగ్రత్తగా చేయండి.

కొత్తది కొన్నాక దించినప్పుడల్లా ఇలా మడవండి: జెండాని అడ్డంగా పరిచి, కాషాయం, ఆకుపచ్చ పట్టీల్ని తెలుపు కిందికి మడిచి, ఆ తెలుపుని రెండు పక్కల్నించీ మడుచుకుంటూ వస్తే చివరికి పైన చక్రం కనపడాలి. రెండు అరచేతుల మీద పెట్టుకుని తీసుకెళ్లి దాచాలి.

ప్రశ్న: మా బళ్లో జెండా కట్టే పని ఈసారి నాకిచ్చారు. ఒకటే టెన్షన్. పూలు పెట్టొచ్చా?
- ఒక టీచర్, కరీంనగర్

జవాబు: పెట్టొచ్చండీ. ఆగస్టు 15, జనవరి 26 లాంటి రోజుల్లో విప్పే ముందు లోపల పూరేకులు పెట్టడానికి కోడ్ ఒప్పుకుంటుంది. గుప్పెడు చాలు, తడి రేకులు వద్దు, తడిస్తే గుడ్డ బరువెక్కి సరిగ్గా విచ్చుకోదు. అసలు కష్టం ముడి దగ్గర. ఒక్క లాగుకి ఊడే జారుముడి వేయాలి. నేను చదువుకున్న బళ్లో ఓ జనవరి 26న హెడ్మాస్టారు ఎంత లాగినా ముడి ఊడలేదు, లాగిన కొద్దీ బిగిసింది, అటెండరు నిచ్చెన తెచ్చి ఎక్కేదాకా మేమంతా సెల్యూట్ చేసిన చెయ్యి దించకుండా ఎండలో నిలబడ్డాం. ఆయన ముఖం నాకింకా గుర్తే. అందుకని ముందు రోజు సాయంత్రం ఒక తువ్వాలు కట్టి నాలుగుసార్లు లాగి చూడండి. మడిచేటప్పుడే కాషాయం పైకి వచ్చేలా తాడు ఏ మూలకి కట్టాలో గుర్తు పెట్టుకోండి. గోడకి నిలువుగా కడితే చూసేవాళ్లకి ఎడమ చేతి వైపు కాషాయం ఉండాలి, చాలా బళ్లలో ఇదే తప్పు చేస్తారు.

ప్రశ్న: కారు బానెట్ మీద చిన్న జెండా పెట్టుకోవచ్చా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దు. అది రాష్ట్రపతి, గవర్నర్లు, మంత్రులు, జడ్జిలు లాంటి కొద్దిమందికే. ఇంటి మీద కట్టుకోండి, ఆ హక్కు మనందరికీ ఉందని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ప్రశ్న: తాతయ్య ట్రంకు పెట్టెలో ఖద్దరు జెండా దొరికింది, మధ్యలో చక్రం లేదు, రాట్నం ఉంది. ఈసారి దాన్నే ఎగరేద్దామా?
- ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: ఎంత అదృష్టవంతులండీ! కానీ ఎగరేయకండి. బెజవాడలో 1921లో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి ఇచ్చిన జెండా మారుతూ మారుతూ 1931కి కాషాయం, తెలుపు, ఆకుపచ్చల మధ్య రాట్నంతో కాంగ్రెస్ జెండా అయింది. మీది ఆ తరహాదే. 1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నం బదులు 24 ఆకుల అశోక చక్రం పెట్టింది, అదే మన జాతీయ జెండా. మీ ఇంట్లో ఉన్నది తాతయ్య రోజుల నాటి గుడ్డ. ఉతకొద్దు, ఇస్త్రీ చేయొద్దు, కలరా ఉండలు గుడ్డకి తగలనివ్వొద్దు. మడత పెడితే మడత దగ్గరే ఖద్దరు తెగుతుంది, అందుకని ఉతికి ఆరబెట్టిన పాత నూలు పంచెలో పెట్టి గుండ్రంగా చుట్టి ఉంచండి. దాన్ని ఎప్పుడు, ఎక్కడ పట్టుకున్నారో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టండి.