కాల్షియం సీసా పక్కన పెట్టండి, తుంటికి ఎక్స్‌రే తీయించండి

ప్రశ్న: మాది కాజీపేట. మా లాబ్రడార్ బ్రూనోకు 8 నెలలు, బరువు 34 కిలోలు. పప్పీ ఫుడ్, చికెన్ అన్నం పెడతాం. నెల రోజులుగా పడుకుని లేచేటప్పుడు వెనక కాళ్ళు బిగుసుకుపోతున్నాయి. పరుగెత్తితే రెండు కాళ్ళూ కలిపి కుందేలులా గెంతుతున్నాడు. కాల్షియం తక్కువైందని తెలిసినవాళ్ళు అంటే సిరప్ పోస్తున్నాం. డాక్టర్ గారేమో మత్తు ఇచ్చి ఎక్స్‌రే తీయాలంటున్నారు. మత్తంటేనే ఇంట్లో అందరికీ టెన్షన్. ఎక్స్‌రే లేకుండా మందులతో తగ్గదా?

జవాబు: ముందు ఆ సిరప్ ఆపండి. పప్పీ ఫుడ్‌లో కావాల్సిన కాల్షియం కలిపే ఉంటుంది. పూర్తిగా ఎదిగిన కుక్కల పేగు ఎక్కువైన కాల్షియాన్ని పీల్చుకోకుండా వదిలేస్తుంది. ఎదిగే కుక్కపిల్లల్లో ఆ అదుపు అంతంతమాత్రం. లాబ్రడార్ లాంటి పెద్ద జాతుల్లో ఆ ఎక్కువైన కాల్షియమే ఎముక ఎదుగుదలను పాడుచేస్తుంది. నిజంగా కాల్షియం తగ్గేది ఉత్త చికెన్ అన్నం మీదే పెరిగే పిల్లలకు. ఎముక లేని మాంసంలో ఫాస్ఫరస్ బాగా ఉంటుంది, కాల్షియం నామమాత్రం. ఇంకో సంగతి, ఎముకలోని ఖనిజం 30 నుంచి 50 శాతం పోతే గానీ మామూలు ఎక్స్‌రేలో తేడా కనిపించదు. కాబట్టి కాల్షియం ఎంతుందో చూద్దామని తీయించే ఎక్స్‌రే డబ్బు దండగ.

మీ డాక్టర్ గారు అడుగుతున్నది అందుకు కాదు. ఆ కుందేలు గెంతు, లేచేటప్పుడు బిగుసుకోవడం చూస్తే నాకూ ముందు తుంటి మీదే అనుమానం వస్తోంది. తొడ ఎముక పైకొన గోళీలా ఉండి, తుంటి గిన్నెలో సరిగ్గా కూర్చోవాలి. కొన్ని పిల్లల్లో గిన్నె లోతు తక్కువగా, కీలు వదులుగా ఉంటుంది. దీన్ని హిప్ డిస్‌ప్లేసియా అంటారు. లాబ్రడార్లలో, జర్మన్ షెపర్డ్‌లలో తరచూ చూస్తుంటాం.

మత్తు ఎందుకంటే, కుక్కను వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్ళు రెండూ సమానంగా చాపి, మోకాళ్ళు లోపలికి తిప్పి పట్టాలి. నొప్పితో ఉన్న 34 కిలోల కుక్క మెలకువగా ఉండి అలా పట్టనిస్తుందా? నలుగురు కలిసి అదిమిపట్టి తీసిన వంకర ఫిల్ములు నా దగ్గరికి చాలానే వస్తుంటాయి. తుంటి ఎముకలో రెండు పక్కలా గుండ్రటి ఖాళీలుంటాయి. ఫిల్ములో ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా కనిపిస్తే కుక్క ఒరిగిపోయినట్టు లెక్క. అలాంటి ఫిల్ముతో బాగున్న తుంటి కూడా చెడిపోయినట్టు కనిపిస్తుంది. పైగా మత్తులో కండరాలు సడలాక చేత్తో పట్టి చూస్తే కీలు ఎంత వదులుగా ఉందో తెలుస్తుంది. ముందు రక్తపరీక్ష చేయించి, డాక్టర్ చెప్పిన టైమ్ నుంచి కడుపు ఖాళీగా ఉంచితే, ఈ వయసు ఆరోగ్యమైన కుక్కకు మత్తుతో ప్రమాదం చాలా తక్కువ.

ఫిల్ము సరిగ్గా వస్తే గోళీలో కనీసం సగం గిన్నె లోపల ఉండాలి. గోళీ గిన్నెలో ఎంత బాగా కూర్చుందో చెప్పే నార్బర్గ్ కోణం అని ఒకటి కొలుస్తాం, 105 డిగ్రీలో అంతకు మించో ఉంటే మంచిదే. ఎముక చివర్లలో నల్లటి గీతలు కనిపిస్తే హడలిపోకండి. ఆ ఫొటో వాట్సాప్‌లో పంపి విరిగిందా సార్ అని అడిగేవాళ్ళు ఎక్కువ. అవి ఎముక పెరిగే చోట్లు, ఏడాది అటూ ఇటూ వయసుకు మూసుకుపోతాయి. కీళ్ళ గుజ్జు, లిగమెంట్లు మాత్రం ఎక్స్‌రేలో కనిపించవు. ఫిల్ములో ఘోరంగా ఉండి హాయిగా పరుగెత్తే కుక్కలూ ఉన్నాయి. అందుకే నేను నడక, చేతి పరీక్ష, ఫిల్ము మూడూ కలిపే చూస్తాను.

చూద్దాంలే అని వాయిదా వేయకండి. కీలు అరగక ముందు, ఏడాది లోపు మాత్రమే పనికొచ్చే ఆపరేషన్ ఒకటుంది. అది బ్రూనోకు అవసరమో కాదో ఇప్పుడు తీసే ఫిల్మే చెప్పాలి. మామునూరు పశువైద్య కళాశాల మీకు దూరమేం కాదు, ఎక్స్‌రే ఏ వేళల్లో తీస్తారో కనుక్కుని వెళ్ళండి. గర్భిణులు, పిల్లలు ఆ గదిలోకి వెళ్ళకూడదు.

ఈలోపు బరువు తగ్గించండి. 8 నెలలకు 34 కిలోలంటే ముద్దుగా ఉంటుంది గానీ మోసేది ఆ తుంటే. అమెరికాలో 48 లాబ్రడార్లను జతలుగా పెంచి, జతలో ఒకదానికి జీవితాంతం 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి, తుంటి జబ్బూ వాటికి తక్కువే. ఇంట్లో టైల్స్ మీద అది తిరిగే చోట పాత బొంతలు పరవండి. మెట్లు, బంతి ఆట మానిపించండి. సాయంత్రం వడ్డేపల్లి చెరువు కట్ట మీద గొలుసు పట్టుకుని మెల్లగా నడిపిస్తే చాలు. మనుషుల నొప్పి మాత్రలు ఒక్కటీ వేయొద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కుక్కల కడుపులో పుండ్లు పెడతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి.

తీసిన ఫిల్ము భద్రంగా దాచండి. రెండేళ్ళు నిండాక ఇంకోటి తీసి పక్కపక్కన పెట్టి చూడాలి. అప్పటిదాకా క్రాసింగ్‌కు ఎవరడిగినా బ్రూనోను ఇవ్వకండి, ఈ తుంటి జబ్బు వంశపారంపర్యంగా పిల్లలకూ వస్తుంది.