వార్డు నర్సు నుంచి కార్డియాక్ రీహాబ్ ఎడ్యుకేటర్‌గా: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చదివి కార్డియాలజీ వార్డులో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. తోటి నర్సులకు కార్డియాక్ రీహాబ్ (గుండె జబ్బు వచ్చినవాళ్లను వ్యాయామంతో, బోధనతో మళ్లీ కోలుకునేలా చేయడం) నేర్పే ఎడ్యుకేటర్ కావాలని ఉంది. ఒకసారి గంటసేపు స్లైడ్లతో క్లాసు చెప్పాను. బాగుందన్నారు, కానీ వార్డులో ఏమీ మారలేదు. ముందు ఎమ్మెస్సీ చేయాలా?

జవాబు: ఎమ్మెస్సీ అయ్యేదాకా ఆగనక్కర్లేదు. కాలేజీలో అధ్యాపక ఉద్యోగానికీ, ఆసుపత్రిలో పూర్తిస్థాయి ఎడ్యుకేటర్ పోస్టుకూ అది పనికొస్తుంది. వార్డులో నేర్పడానికి మాత్రం ఇప్పుడే సిద్ధం కావచ్చు. ఏసీఎల్‌ఎస్ (గుండె ఆగినప్పుడు చేసే అత్యవసర చికిత్స శిక్షణ) సర్టిఫికెట్ గడువు దాటకుండా చూసుకోండి. మానిటర్‌ మీద రిథమ్ (గుండె కొట్టుకునే లయ) మారితే తడుముకోకుండా గుర్తుపట్టగలగాలి. మూడోది చాలామంది వదిలేస్తారు: ఔట్‌పేషెంట్ రీహాబ్ విభాగంలో కొన్ని వారాలు గడపండి. చాలాచోట్ల అక్కడ వారానికి 3 సెషన్ల చొప్పున 12 వారాలు సాగుతుంది. వార్డు నర్సు చూసేది మొదటి దశ ఒక్కటే. డిశ్చార్జి తర్వాత ఏం జరుగుతుందో చూడనివాళ్లు దాని గురించి పేషెంటుకు నమ్మకంగా చెప్పలేరు.

ఇక మీ క్లాసు సంగతి. రీహాబ్ ఎందుకు మంచిదో విన్నారు, రేపు పొద్దున మంచం దగ్గర ఏం చేయాలో వినలేదు. ఈసారి నలుగురైదుగురు నర్సులతో, 20 నిమిషాలు, ఒకే ఒక్క పని నేర్పండి. మొదటి పాఠంగా గుండెపోటు వచ్చిన పేషెంటును తొలిసారి నడిపించడం తీసుకోండి.

లేపే ముందు చూడాల్సినవి ఇవి: గత 8 గంటల్లో కొత్తగా గానీ మళ్లీ గానీ ఛాతీ నొప్పి రాలేదు, రిథమ్‌లో కొత్త తేడా లేదు, కూర్చున్నప్పుడే ఆయాసం లేదు. పడుకున్నప్పుడు బీపీ, పల్స్ చూసి, మంచం అంచున రెండుమూడు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూడాలి. నిలబెట్టాక ఇంకోసారి. బీపీలో పై అంకె 20 పడిపోయినా, కళ్లు తిరుగుతున్నాయన్నా ఆ పూటకు నడక వద్దు, డాక్టరుకు చెప్పాలి. నడిచేటప్పుడు పల్స్ విశ్రాంతి స్థాయికన్నా 20 దాకా, బైపాస్ అయినవాళ్లకు 30 దాకా పెరగవచ్చు. 120 దాటనివ్వకూడదు. శ్రమ పెరుగుతున్నా పై అంకె 10కి మించి తగ్గిందంటే గుండె ఆ పనికి తట్టుకోవడం లేదన్నట్టే. అక్కడికక్కడే ఆపాలి.

ఇక్కడే నర్సులు ఎక్కువగా పొరబడతారు. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) వాడుతున్నవాళ్లలో పల్స్ పెద్దగా పెరగదు. మానిటర్‌ మీద 76 చూసి తేలిగ్గానే ఉందనుకుంటారు, పేషెంటు మాత్రం అలిసిపోయి ఉంటాడు. అందుకే బోర్గ్ స్కేలు, అంటే ఎంత శ్రమగా ఉందో పేషెంటే అంకెలో చెప్పే కొలత. 6 నుంచి 20 దాకా అంకెలుంటాయి. 11 అంటే తేలిక, 13 అంటే కాస్త కష్టం, వార్డులో 13 దాటకూడదు. ‘ఎలా ఉంది?’ అనడిగితే ఎవరైనా ‘బాగానే ఉంది’ అనే అంటారు. పేషెంటు భాషలో రాసిన కార్డు చేతికిచ్చి వేలుపెట్టి చూపించమనాలి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) ఉన్నవాళ్ల పల్స్ 15 సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేయడం కూడా పొరపాటే. నిండా ఒక నిమిషం లెక్కపెట్టించండి.

పాఠం అయ్యాక మార్కుల పరీక్ష పెట్టకండి. ప్రతి నర్సూ ఒక పేషెంటును నడిపిస్తుంటే పక్కన నిలబడి, చెక్‌లిస్టు పట్టుకుని చూడండి. తప్పిన మెట్టును వాళ్లచేతే మళ్లీ చేయించండి. నైట్ డ్యూటీవాళ్లను మరిచిపోవద్దు. వాళ్ల పాఠం డ్యూటీ మారే వేళకు కుదర్చండి.

రెండో పాఠం మందుల మీద. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ కూర్చునే వేసుకోవాలి, నిలబడి వేసుకుంటే బీపీ పడి తూలిపోతారు. ఒక మోతాదు వేసుకున్న 5 నిమిషాలకు నొప్పి తగ్గకపోతే అంబులెన్స్ పిలవాలి. సిల్డెనాఫిల్ (వయాగ్రా) వాడుతున్నారా అని అడగడానికి నర్సులు మొహమాటపడతారు. అది నైట్రోగ్లిజరిన్‌తో కలిస్తే బీపీ ప్రాణం మీదికొచ్చేంత పడిపోవచ్చు. ఆ ప్రశ్న నోటితో అడగడం జంటలుగా సాధన చేయించండి.

బైపాస్ పేషెంట్లు బరువులెత్తడం గురించిన నియమాలు మీ సర్జన్లు చెప్పినవే నేర్పండి. కాకపోతే చేయి ఎత్తితేనే ఆపరేషన్‌లో కోసిన రొమ్ము ఎముక ఊడుతుందన్నంత భయం పెట్టకూడదు, భుజాలు బిగుసుకుపోతాయి.

డిశ్చార్జి బోధన అంతా చివరి రోజుకు పెట్టుకోవడం ఇంకో అలవాటు. ఇంటికెళ్లే హడావిడిలో ఎవరికీ ఏదీ తలకెక్కదు. రోజుకు ఒక విషయం చాలు. చెప్పాక ‘ఇంట్లో ఛాతీ నొప్పి వస్తే మీరేం చేస్తారో చెప్పండి’ అని అడిగించండి. ‘అర్థమైందా?’ అన్న ప్రశ్నకు వచ్చే ‘ఆఁ’ను లెక్కలోకి తీసుకోకూడదు. ‘రోజూ నడవండి’ అని రాస్తే అది రిఫరల్ (రీహాబ్‌కు పంపే సిఫారసు) కాదు. రీహాబ్ అపాయింట్‌మెంట్ తేదీ డిశ్చార్జి కాగితం మీద ఉండాలి. ఎన్ని పాఠాలు చెప్పినా ఇది జరగకపోతే పేషెంటుకు ఒరిగేది తక్కువ.

మీరు కొలవాల్సింది కూడా ఇదే. శిక్షణకు ముందు ఒక నెల, తర్వాత మూడు నెలలు గుండెపోటు, స్టెంట్, బైపాస్ డిశ్చార్జిల్లో ఎన్నింటికి తేదీతో రిఫరల్ ఉందో, ఎంతమంది మొదటి సెషన్‌కు వెళ్లారో రాసిపెట్టండి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. నర్సింగ్ సూపరింటెండెంట్ అనుమతి ముందే తీసుకోండి. ఎడ్యుకేటర్ పోస్టుకు దరఖాస్తు పెట్టినప్పుడు ఈ పట్టికనూ, చెక్‌లిస్టునూ, ఒక పాఠ ప్రణాళికనూ జతచేయండి. ఇంటర్వ్యూలో పది నిమిషాలు పాఠం చెప్పమంటే స్లైడ్లు తెరవొద్దు. బోర్గ్ కార్డు తీసి, బోర్డు సభ్యుల్లో ఒకరిని గదిలోనే నడిపించి, ఇంకొకరిచేత స్కోరు అడిగించండి.