అత్తమ్మకు తుంటి ఆపరేషన్, గల్లీవాళ్లు వండి తెస్తామంటున్నారు: ఎట్లా సర్దుకోవాలి?

అత్తమ్మను డిశ్చార్జ్ చేశారు, మీ ఆయనకు కాజీపేటలో షిఫ్టు డ్యూటీ, ఇంట్లో ఇద్దరు పిల్లలు. హన్మకొండ చుట్టాలు, గల్లీవాళ్లు వండి తెస్తామంటే ఎవరికి ఏం చెప్పాలని అడిగారు కదా.

ముందుగా, ఈ లెక్క మీరు చూడకండి. ఆడబిడ్డకో పక్కింటి వదినకో అప్పజెప్పండి. ‘ఏం తేవాలె?’ అని పది ఫోన్లొస్తే, వాటికి జవాబు చెప్పే టైంలో వంటే అయిపోతుంది.

మొదటి మూడు రోజులు అందరూ తెస్తారు, సాంబారే నాలుగు గిన్నెలు. రెండో వారానికి ఎవరూ కనిపించరు, అసలు తిప్పలు అప్పుడే. అందుకే రోజు విడిచి రోజు, ఒక్క పూట చొప్పున నాలుగు వారాలకు వంతులు వేయించండి.

అన్నం మాత్రం ఎవరినీ తేవద్దనండి, కుక్కర్లో మీరే పెట్టుకోండి. బియ్యంలో ఉండే బాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి విషం వదులుతాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. మన ఎండలకు ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. వండిన రెండు గంటల్లో తినేయాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. మీ ఐదుగురికి పూటకు 150 గ్రాముల కందిపప్పు, ముప్పావు కిలో కూరగాయ చాలు. వంతువాళ్లకు ఈ కొలతే చెప్పండి.

అత్తమ్మకు వేరే వంట అక్కర్లేదు. కారం వేయకముందే ఒక గిన్నెడు పక్కకు తీయమంటే సరి. అయితే ‘పప్పు తింటే కుట్లు చీము పడతాయి’ అని ఎవరో ఒక పెద్దమనిషి తప్పకుండా అంటారు. చీము ఇన్ఫెక్షన్ వల్ల పడుతుంది, పప్పు వల్ల కాదు. పుండు మానాలన్నా, కండ పట్టాలన్నా మాంసకృత్తులు కావాలి. డాక్టర్ ప్రత్యేకంగా వద్దనకపోతే గుడ్డు, పెసరపప్పు, పెరుగు, చికెన్ రోజూ ఏదో రూపంలో పడాలి. పత్యం పేరుతో చారన్నం మీద ఉంచితే మనిషి లేచి నడవడమే ఆలస్యమవుతుంది. కొన్ని నొప్పి మాత్రలకు మలబద్ధకం వస్తుంది కాబట్టి ఆనిగెపుకాయ, బీరకాయ, నీళ్లు ఎక్కువుండాలి.

వంతుల వంటలో ఎవరికీ తట్టని చిక్కు ఒకటుంది. రక్తం పలచబడే మందుల్లో వార్ఫరిన్ లాంటివి రాశారేమో చీటీ చూడండి. రాస్తే, ఒకరోజు పాలకూర పప్పు దండిగా, తర్వాత మూడు రోజులు ఆకుకూరే లేకుండా రావద్దు. ఆకుల్లోని విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది. మానేయనక్కర్లేదు, వారమంతా ఒకే తీరుగా ఉండాలి. షుగర్‌కు అన్నం ముందు ఇన్సులిన్ ఉంటే, గిన్నె ఇంటికి చేరాకే సూది. ముందే వేసి, వంతువాళ్లు ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది.

ఎవరూ రాని పూటకు కిచిడి: గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, ఐదు గ్లాసుల నీళ్లు, నాలుగు విజిల్స్. చల్లారితే గట్టిపడుతుంది, వడ్డించేటప్పుడు కొంచెం వేడినీళ్లు కలపండి. పిల్లలకైతే కర్రీ పాయింట్ కూర నడుస్తుంది, అత్తమ్మకు వద్దు, నూనె కారం మస్తుగుంటాయి.

ఇక గిన్నెలు. స్టీలు గిన్నె మీద కొట్టించిన పేరు చూసి తిరిగిచ్చేరు, అది వాళ్ల పెళ్లికి కట్నం చదివించినవాళ్ల పేరు! మూతకు టేపు అంటించి ఇంటి పేరు రాయమనండి. ఖాళీ గిన్నె పంపొద్దని చక్కెరో పండో పెట్టే ఆనవాయితీని ఈ నెలకు పక్కన పెట్టండి. కడిగినవి దర్వాజ పక్కన బుట్టలో ఉంచితే, కొత్తది తెచ్చినవాళ్లే పాతది పట్టుకుపోతారు, మీకు చాయ పెట్టే పనీ తప్పుతుంది.