రాయి చెప్పినంతే రాయి

కావలి

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చేరి పదిహేను రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు నొచ్చుకోకు. మొదటిసారి సంతోషంగా చదివాను. కనిగిరి నుంచి ఒక అమ్మాయి ‘మనం ఎవరం, ఎక్కడి నుంచి వచ్చాం’ అని ముప్పై పేజీలు రాయడం నాకు చిన్న విషయం కాదు. రెండోసారి కలం పట్టుకుని చదివాను. ఆ గీతలన్నీ ప్రతితో పాటు పంపుతున్నాను. అక్కడ చోటు చాలని మాటలు ఈ ఉత్తరంలో రాస్తున్నాను.

నీ మొదటి వాక్యం నుంచే మొదలుపెడతాను. ‘అనాదిగా ఈ నేలపై వెలసిల్లిన మన జాతి’ అని రాశావు. అనాది అంటే ఆది లేనిది. నువ్వు బయలుదేరింది ఆదిని వెతకడానికి కదమ్మా! గుమ్మంలోనే అది లేదని రాసేస్తే ఇక ముప్పై పేజీలు ఎందుకు? ఆ మాట కొట్టెయ్యి. ‘వెలసిల్లిన’ కూడా కొట్టెయ్యి. ఆ రెండూ పోతే మిగిలేది ‘ఈ నేలపై’. వ్యాసం అక్కడి నుంచి మొదలవ్వాలి.

నీకు తెలుసు, నేను ముప్పై నాలుగేళ్లు భూముల సర్వేలో పనిచేశాను. గొలుసు పట్టుకుని ఉదయగిరి, కందుకూరు, పొదిలి వైపు పొలాలన్నీ తిరిగాను. రాయడం నేర్చుకున్నది పుస్తకాల్లో కంటే అక్కడే ఎక్కువ. అడంగల్‌లో పట్టాదారు పేరు ఒక గడిలో ఉంటుంది, అనుభవదారు పేరు ఇంకో గడిలో ఉంటుంది. పొలం దున్నుతున్నవాడు దాని వారసుడే కానక్కర్లేదు. ఈ రెండు గడులనూ కలిపి చదివినవాళ్ల వల్ల ఎన్ని తగాదాలు పుట్టాయో కళ్లారా చూశాను. మన పూర్వీకుల గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు సరిగ్గా ఇదే. నువ్వూ చేశావు, ఏడో పేజీలో.

ఆ పేజీలో రెట్లపల్లె గురించి రాశావు. మీ వైపే, ఉమ్మడి ప్రకాశం జిల్లాలో ఉన్న ఆ చోటును ఎన్నుకున్నందుకు నిన్ను మెచ్చుకోవాలి. చాలామంది మొహెంజొదారో దాకా పోతారు గాని ఇంటి వెనకున్న వాగు వైపు చూడరు. బరోడా విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు అక్కడ తవ్విన రాతి పనిముట్ల వయసు సుమారు 1,39,000 ఏళ్లని 2024లో ప్రచురించారు. నువ్వు ఆ అంకె సరిగ్గానే రాశావు. ఆ వెంటనే ‘1,39,000 ఏళ్ల క్రితమే మన తాతముత్తాతలు ఇక్కడ నివసించారు’ అని రాశావు. ఆ మాట రాయి చెప్పలేదమ్మా. నువ్వు చెప్పావు.

రాయి చెప్పింది ఏమిటో చూద్దాం. అది ఒక చేతి పనితనం గురించి చెప్పింది. ముందుగా గులకరాయి అంచుల చుట్టూ చిన్న చిన్న పెచ్చులు ఊడగొట్టాలి. పైభాగాన్ని తాబేటి వీపులా మలచాలి. ఆ తర్వాత సరైన చోట ఒక్క దెబ్బ వేస్తే, కోరుకున్న ఆకారంలో పదునైన పెచ్చు ఊడి చేతిలో పడుతుంది. అంటే దెబ్బ వేయకముందే ఆ పెచ్చు ఆకారం అతని మనసులో ఉండాలి, లేదా ఆమె మనసులో ఉండాలి. మన వెలిగొండలు, నల్లమల అంచుల్లో దొరికే ఇలాంటి పనిముట్లలో ఎక్కువ భాగం క్వార్ట్‌జైట్ రాతివే. ఒకసారి నువ్వే అలాంటి గులకరాయి తీసుకుని కొట్టి చూడు. కళ్లకు అద్దాలు పెట్టుకుని కొట్టు. పది రాళ్లు పాడుచేశాక నీ వాక్యాల్లోంచి ‘మోటు మానవుడు’, ‘అనాగరిక జీవి’ అన్న మాటలు వాటంతట అవే పోతాయి.

వయసు ఎలా కట్టారో కూడా నువ్వు రాయలేదు. అది రాస్తే పాఠకుడు నిన్ను నమ్ముతాడు. మట్టిలో పూడిపోయిన ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసి ఎంతకాలమైందో కొలిచే పద్ధతి ఉంది. చీకట్లో ఉన్నంతకాలం ఆ రేణువు చుట్టూ ఉన్న మట్టి నుంచి వచ్చే రేడియోధార్మిక శక్తిని కొంచెం కొంచెంగా దాచుకుంటుంది. ప్రయోగశాలలో దాని మీద వెలుగు పడేస్తే ఆ దాచుకున్నదంతా కాంతిగా బయటికి వస్తుంది. ఆ కాంతి ఎంతో కొలిచి లెక్క కడతారు. ఇంత అందమైన సంగతిని వదిలేసి నువ్వు ‘శాస్త్రజ్ఞులు నిర్ధారించారు’ అని ఒక్క ముక్కలో దాటేశావు. నాకు బాధ కలిగింది.

ఇక తాతముత్తాతల సంగతి. తరానికి 25 ఏళ్లు వేసుకుంటే 1,39,000 ఏళ్లంటే 5,560 తరాలు. తద్దినం పెట్టేటప్పుడు మనం పేర్లు చెప్పి పిలిచేది మూడు తరాల వాళ్లనే. మిగిలిన దూరాన్ని ఒక్క ‘మన’ అన్న మాటతో దాటలేం. పైగా రెట్లపల్లెలో మనుషుల ఎముకలు దొరకలేదు. ఇప్పటి భారతీయుల జన్యువుల్లో దాదాపు అంతా గత లక్ష ఏళ్ల లోపల ఆఫ్రికా నుంచి బయలుదేరిన మనుషుల నుంచి వచ్చింది. రెట్లపల్లె రాళ్లు అంతకంటే పాతవి. చెన్నైకి దగ్గరలోని అత్తిరంపాక్కంలో ఇదే తరహా పనితనం 3,85,000 ఏళ్ల నాటిదని 2018లో తేలింది. అదే చోట పాత పొరల్లోని చేతిగొడ్డళ్లు 15 లక్షల ఏళ్ల నాటివని అంతకుముందే 2011లో ప్రచురించారు. ఆ గొడ్డళ్లు చేసినవాళ్లు మన మానవజాతి పుట్టకముందు బతికిన వేరే మానవజాతి. కాబట్టి రెట్లపల్లె రాయి అనుభవదారు గడి నింపుతుంది. పట్టాదారు గడి దాని చేతిలో లేదు. వాళ్లు మన ఇంటివాళ్లు అవునో కాదో రాయి చెప్పదు. మన ఊరివాళ్లని మాత్రం చెబుతుంది. నాకు ఆ బంధుత్వం తక్కువగా అనిపించదు. నువ్వు కూడా దాన్ని తక్కువ చేయకు.

ఇంకో మాట. ఆ ఉమ్మడి ప్రకాశం జిల్లాలోనే 41,000 ఏళ్ల నాటి నిప్పుకోడి గూడు బయటపడింది, పగిలిన గుడ్డుపెంకులతో సహా. నిప్పుకోళ్లు తిరిగిన ప్రకాశం జిల్లా! నీ ముప్పై పేజీల్లో ఇది ఒక్కచోటా లేదు. జాతి వైభవానికి పనికిరాదని వదిలేశావేమో. నేనైతే మొదటి పేజీ దానికే ఇచ్చేవాణ్ణి.

జ్వాలాపురం గురించి నువ్వు రాసిన పేరా బాగుంది. అందులో మార్చవలసింది దాదాపు లేదు. 74,000 ఏళ్ల క్రితం సుమత్రాలో తోబా అగ్నిపర్వతం బద్దలై, ఆ బూడిద మన రాయలసీమ దాకా వచ్చి పడటం, ఆ పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరకడం, ఇవన్నీ వరుసలో చెప్పావు. ‘ప్రళయం’ అన్న మాట మాత్రం తీసెయ్యి. పైపొరలోనూ పనిముట్లు ఉన్నాయంటే బతికి బయటపడినవాళ్లు ఉండవచ్చన్నమాట.

ఇప్పుడు రెండో సాక్షి, జన్యువు. ఇక్కడ నీ చెయ్యి వణికింది. ‘ఆర్యులు బయటివాళ్లు, ద్రావిడులు స్థానికులు’ అని ఒక పేజీలో రాశావు. నాలుగు పేజీల తర్వాత ‘ఎవరూ బయటి నుంచి రాలేదు’ అని రాశావు. రెండు వర్గాలనూ సంతోషపెట్టాలనుకున్నట్టుంది. జన్యువులు చెప్పేది ఈ రెండింటిలో ఏదీ కాదు.

2009లో హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులను పోల్చి చూశారు. వాళ్లకు కనబడింది రెండు పెద్ద పాయలు. ఆ రెండూ దేశమంతటా, పై కులాల నుంచి అడవి తెగల దాకా, వేర్వేరు పాళ్లలో కలిసే ఉన్నాయి. ఆ తర్వాత పదేళ్లకు, పాత ఎముకల నుంచి తీసిన జన్యువులతో, పాయల వెనక పాయలు తెలిశాయి. మొదటివాళ్లు చాలా ముందుగా వచ్చి స్థిరపడిన వేటగాళ్లు. వాళ్లకు ఇప్పుడున్న దూరపు చుట్టాలు అండమాన్ దీవుల్లోని ఆదివాసులు. రెండోవాళ్లు ఇరాన్ వైపు ప్రజలతో మూలం పంచుకున్నవాళ్లు. హర్యానాలోని రాఖీగఢీ అనే సింధు నాగరికత ఊళ్లో అరవైకి పైగా నమూనాలు పరీక్షిస్తే ఒకే ఒక్క స్త్రీ నుంచి జన్యువు దక్కింది. ఆమెలో ఈ రెండు పాయలూ ఉన్నాయి. మూడోది మధ్య ఆసియా పచ్చికబయళ్ల పాయ. అది ఆమెలో లేదు. అది క్రీస్తుపూర్వం 2000, 1500 మధ్య వచ్చి చేరింది. సింధు నాగరికత ప్రజలు ఉత్తరాది వాళ్లకూ దక్షిణాది వాళ్లకూ కూడా పూర్వీకులే. పెన్నలో బీరాపేరు కలిశాక చెంబుతో ముంచిన నీళ్లు తాగేవాడికి ఏ చుక్క ఏ కొండ మీద కురిసిందో తెలియదు. మన సంగతీ అంతే.

ఇందులో నన్ను ఎక్కువ కదిలించిన అంకె వేరే ఉంది. ఈ పాయలు బాగా కలిసిపోయిన కాలం 4,200 ఏళ్ల క్రితం నుంచి 1,900 ఏళ్ల క్రితం వరకు అని 2013లో లెక్క తేల్చారు. ఆ తర్వాత కలయిక దాదాపు ఆగిపోయింది. అంటే కులాల మధ్య గోడలు సృష్టి మొదట్లో కట్టినవి కావు. అంతకుముందు రెండు వేల ఏళ్లకు పైగా మనవాళ్లు ఒకరింటి పిల్లను ఒకరు చేసుకుంటూనే ఉన్నారు. గోడ కట్టాక దాని మూల్యం శరీరం చెల్లిస్తోంది. మన తెలుగు వైశ్యుల్లో రెండు మూడు వేల ఏళ్లుగా పెళ్లిళ్లు లోలోపలే జరుగుతున్నాయని ఆ 2009 పరిశోధనే చెప్పింది. శస్త్రచికిత్సలో కండరాలు సడలడానికి వాడే ఒక మందును శరీరం త్వరగా విరగ్గొట్టలేని లోపం వాళ్లలో ఎక్కువగా కనబడుతుంది. అందుకే మత్తుమందు డాక్టరు ముందే అడగడం మంచిది. వంశచరిత్ర ఆపరేషన్ గదిలోకి వచ్చేది ఇలా. నీ వ్యాసంలో కులాల గురించి ఆవేశం ఉంది, అది ఉండవలసిందే. ఆ ఆవేశం వెనక ఈ అంకెలు నిలబెట్టు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. నీ వయసులో ఒక పత్రికకు మొహెంజొదారో మీద వ్యాసం రాశాను. ఆర్యులు గుర్రాల మీద వచ్చి ఊచకోత కోశారని, వీధుల్లో శవాలు పడి ఉన్నాయని కళ్లకు కట్టినట్టు రాశాను. పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ 1947లో ఇంద్రుణ్ణి ఆ నేరానికి నిందితుడిగా నిలబెట్టాడు. నేను దాన్ని తీర్పుగా రాశాను. ఆ అస్థిపంజరాలు ఒకే కాలానివి కావని, ఊచకోత వాదన నిలబడదని మరో పురావస్తు శాస్త్రవేత్త జార్జ్ డేల్స్ 1964లోనే రాసేశాడు. నాకు అది తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. నా వ్యాసం చదివి ఒక బడిపంతులు పిల్లలకు పాఠంగా చెప్పాడని తర్వాత విన్నాను. ఆ పిల్లలందరి దగ్గరకూ వెళ్లి సరిదిద్దడం నా వల్ల కాదు కదా. బాగా వచ్చిన వాక్యాన్ని అప్పటి నుంచి నేను రెండోసారి అనుమానంతో చదువుతాను.

మూడో సాక్షి భాష. ఆర్య, ద్రావిడ అన్నవి భాషా కుటుంబాల పేర్లు. వాటికి ముక్కు, రంగు, రక్తం తగిలించకు. ద్రావిడ భాషలన్నీ విడివడటం సుమారు 4,500 ఏళ్ల క్రితం మొదలైందని 2018 నాటి ఒక లెక్క. బలూచిస్తాన్‌లో బ్రాహుయీ మాట్లాడేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. ఇంతవరకు రాస్తే చాలు. రాఖీగఢీ స్త్రీ తెలుగుకు మూలమైన భాష మాట్లాడిందని పద్దెనిమిదో పేజీలో రాశావు. ఎముకలో భాష ఉండదమ్మా.

చివరి భాగంలో యానాదుల గురించి రాశావు. ‘రాతియుగం నుంచి మారకుండా మిగిలిన మన మూలపురుషులు’ అని. ప్రేమతోనే రాశావని తెలుసు. కానీ నెల్లూరులో ఏ యానాది కుర్రవాడైనా ఇది చదివితే తన ముఖం ఎలా పెట్టుకోవాలి? అతను కాలంలో ఆగిపోలేదు. శ్రీహరికోట దీవి రాకెట్ల కేంద్రం కాకముందు అది వాళ్ల అడవి. అక్కడి నుంచి వచ్చాక ఎన్నో కష్టాలు పడి బతుకుతున్నారు. మన తెలుగు నేల చెంచులనూ కోయలనూ చేర్చుకుని 2003లో చేసిన అధ్యయనం, ఈ దేశపు తొలి నివాసుల తల్లి వైపు వారసత్వం తెగల్లోనూ కులాల్లోనూ కూడా నిలిచి ఉందని చూపింది. తల్లి నుంచి మాత్రమే బిడ్డకు వచ్చే జన్యువు గురించిన మాట అది. అంటే నీలో, నాలో కూడా. ‘మిగిలినవాళ్లు’ అనే మాట వాళ్లకు వాడితే మనకూ వాడాలి. ఆ పేరా మళ్లీ రాసేముందు ఏదైనా యానాది కాలనీకి వెళ్లి కూర్చో, వాళ్లు చెప్పింది విను. నీ ప్రశ్న పక్కన పెట్టు.

ఉలవల గురించి ఒక్క ముక్క రాయి. దక్కను తొలి రైతులు నాలుగు వేల ఏళ్ల క్రితమే ఉలవలు, పెసలు పండించారని బళ్లారి వైపు తవ్వకాల్లో దొరికిన మాడిన గింజలు చెబుతున్నాయి. ఉలవచారు కాచే ఇళ్లున్న జిల్లాలో పాఠకుణ్ణి పట్టుకోవడానికి ఇంతకంటే మంచి గింజ దొరకదు.

సంక్రాంతి వెళ్లాక, ఎండలు ముదరకముందే, ఒక ఆదివారం నేను కనిగిరి వస్తాను. మీ నాన్నగారికి ముందే చెప్పు. తిరగడానికి ఆయన బండి కావాలి. వాగు ఒడ్డున నాలుగు చోట్లు చూద్దాం. నోటుపుస్తకం, కొలత టేపు తెచ్చుకో. చెక్కిన రాయి కనబడితే ఎంత ముద్దొచ్చినా జేబులో వేసుకోకు. పొలంలో హద్దురాయి పీకేస్తే తర్వాత ఎంత కొలిచినా హద్దు దొరకదు, అది నేను చూశాను. ఉన్నచోటే ఉంచి బొమ్మ గీసుకో, ఏ పొరలో ఉందో, దాని పక్కన ఏముందో రాసుకో. వ్యాసం తిరగరాయడం అప్పటిదాకా ఆపు. ఒక్క మొదటి వాక్యం మాత్రం ఈలోగా పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు