జీతమిచ్చి చదివించే చదువు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

డిగ్రీలోనో బీటెక్‌లోనో ఉండగానే ప్రయోగశాలలో పనిచేసి, పట్టా చేతికి వచ్చాక సొంత ఖర్చు లేకుండా పరిశోధన వైపు వెళ్లాలనుకునే వారి నుంచి, వారి తల్లిదండ్రుల నుంచి ఈ మధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: నేను కాకినాడలో కెమికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. జీడిపిక్కల పెంకుతో చేసిన బొగ్గు నీటిలోని మిథిలీన్ బ్లూ రంగును ఎంత పీల్చుకుంటుందన్న అంశం మీద రెండేళ్లుగా మా సార్ దగ్గర పనిచేస్తున్నాను. అందులో ఆరు నెలలు వృథా అయ్యాయి. రంగును బొగ్గుతో పాటు మేము వాడే ఫిల్టర్ పేపర్ కూడా పీల్చుకుంటోందని ఆలస్యంగా తెలిసింది. ఒక సదస్సు పత్రంలో మూడో రచయితగా నా పేరు ఉంది. నా స్నేహితులు నలభై లక్షల అప్పు చేసి అమెరికాకు ఎంఎస్‌కు వెళ్తున్నారు. పీహెచ్‌డీ అయితే డబ్బు వాళ్లే ఇస్తారట, నిజమేనా? కన్సల్టెన్సీ వారేమో ముందు ఎంఎస్ చేయమంటున్నారు.

జవాబు: నిజమే. అమెరికాలో సైన్సు, ఇంజనీరింగ్ శాఖల్లో బీటెక్ తర్వాత నేరుగా పీహెచ్‌డీలో చేరవచ్చు. పేరున్న విశ్వవిద్యాలయాలు చాలావరకు ట్యూషన్ ఫీజు రద్దు చేసి, నెలనెలా స్టైపెండ్ ఇచ్చి చేర్చుకుంటాయి. అయితే అది దానం కాదు, పనికి ఇచ్చే జీతం. టీచింగ్ అసిస్టెంట్ అయితే వారానికి ఇంచుమించు ఇరవై గంటలు ల్యాబ్ తరగతులు చూసుకోవాలి, పేపర్లు దిద్దాలి. రీసెర్చ్ అసిస్టెంట్ అయితే ప్రొఫెసర్ ఏదో ఒక ప్రాజెక్టు కింద తెచ్చుకున్న నిధుల నుంచి మీకు డబ్బు వస్తుంది. ఆ ప్రాజెక్టు పనే చాలాసార్లు మీ సిద్ధాంత వ్యాసంగా మారుతుంది. అంటే అక్కడ మీ దరఖాస్తును చదివేవారు ఐదారేళ్లు తమ పక్కన పనిచేయబోయే మనిషిని వెతుక్కుంటున్నారని గుర్తుంచుకొని రాయాలి.

కన్సల్టెన్సీ వారి సలహా గురించి ఒక మాట. ఫీజు కట్టే విద్యార్థిని చేర్పించినందుకు విశ్వవిద్యాలయాల నుంచి కమీషన్ తీసుకునే కన్సల్టెన్సీలు చాలా ఉన్నాయి. ఫీజే లేని పీహెచ్‌డీ సీటులో వారికి మిగిలేదేమీ ఉండదు. మీకు ఎంఎస్ సలహా ఇచ్చినవారు అందుకే ఇచ్చారని మేము అనడం లేదు. ఆ సలహాను తూచేటప్పుడు ఈ సంగతి కూడా తక్కెడలో వేసుకోండి.

ఇక మీ చేతిలో ఉన్న సరుకు చూద్దాం. మూడో రచయితగా వచ్చిన సదస్సు పత్రం మంచిదే, కానీ అలాంటివి ఉన్న దరఖాస్తులు కొల్లలు. మీ ఉత్తరంలో వృథా అయ్యాయని రాసిన ఆరు నెలలే మా దృష్టిలో మీ అసలు పెట్టుబడి. బొగ్గు వేయని నీటిని కూడా ఫిల్టర్ చేసి చూస్తే రంగు తగ్గిందని, తప్పు కాగితంలో ఉందని మొదట ఎవరు పసిగట్టారు? ఆ తర్వాత వడపోత మానేసి సెంట్రిఫ్యూజ్‌కు మారారా? పాత లెక్కలలో ఎన్నింటిని కొట్టేశారు, ఎన్నింటిని సరిచేశారు? దరఖాస్తుతో పాటు పంపే మీ స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో ఒక పేరా నిండా ఇదే రాయండి. చిన్నప్పటి నుంచి సైన్సంటే ప్రాణమనే వాక్యం వేల దరఖాస్తులలో ఉంటుంది, చదివేవారి కన్ను దాని మీద ఆగదు. బొగ్గు వేయని బ్లాంక్ నమూనాలో రంగు ఎందుకు తగ్గిందని రాత్రంతా ఆలోచించిన అమ్మాయి సంగతి చదివితే మాత్రం, ఈమె మా ల్యాబ్‌లో ఉంటే మా తప్పులూ పట్టుకుంటుందని అనిపిస్తుంది.

గడువుల విషయానికొస్తే, వచ్చే ఆగస్టు ప్రవేశానికి దరఖాస్తులు ఎక్కువగా డిసెంబరు మొదటి పక్షంలోనే ముగుస్తాయి. ఒక్కో దరఖాస్తుకు ఎనభై, వంద డాలర్ల దాకా ఫీజు ఉంటుంది కాబట్టి ఇరవై చోట్ల పెట్టకండి. మీ పనికి దగ్గరగా పనిచేసే ప్రొఫెసర్లు కనీసం ఇద్దరు ఉన్న శాఖలనే ఆరేడు ఎంచుకోండి. అడిగితే ఫీజు మాఫీ చేసే శాఖలూ ఉన్నాయి. జీఆర్‌ఈ అనే ప్రవేశ పరీక్షను చాలా శాఖలు తీసేశాయి, అందువల్ల ఆయా శాఖల పేజీ చూశాకే పరీక్షకు డబ్బు కట్టండి. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చే గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ పేరు మీకు ఎక్కడో కనిపిస్తుంది. అది ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే, దాని మీద సమయం పెట్టవద్దు.

ఇక్కడి దారినీ మూసేసుకోకండి. గేట్ పరీక్షను మూడో సంవత్సరం నుంచే రాయవచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. దానితో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు వస్తాయి. ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ బీటెక్ వారిని నేరుగా పీహెచ్‌డీకి కూడా తీసుకుంటాయి. సైన్సు పరిశోధకులకు కేంద్రం ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోగా 42,000. ఇంటి అద్దె భత్యం అదనం. నలభై లక్షల అప్పుకు కట్టాల్సిన నెలవారీ వాయిదా పక్కన ఈ అంకెలను రాసుకొని ఒకసారి మీ నాన్నగారికి చూపించండి.

మీది కాకినాడ కాబట్టి ఈ సంగతి ప్రస్తావిస్తున్నాం. 1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ చేరిన వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారికి ఇలాంటి స్టైపెండ్ ఏదీ లేదు. మామగారు ఇచ్చిన డబ్బుతోనూ, మీ ఊరి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతోనూ ప్రయాణమై, అక్కడ ఆస్పత్రిలో రాత్రి పనివాడిగా చేస్తూ చదివారు.

ప్రశ్న: మాది కరీంనగర్. మా అబ్బాయి భౌతికశాస్త్రంలో చదువు ముగిస్తున్నాడు. అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయం తొమ్మిది నెలలకు 27,000 డాలర్లు ఇస్తామని పీహెచ్‌డీ సీటు ఇచ్చింది. మార్చి మొదటి వారంలోగా అంగీకారం తెలపమంటోంది. ఇంకా రెండు చోట్ల నుంచి జవాబు రావాలి. వెంటనే ఒప్పుకోకపోతే సీటు పోతుందా? ఆ డబ్బు సరిపోతుందా?

జవాబు: అమెరికాలోని కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ ఆధ్వర్యంలో ఒక ఒప్పందం ఉంది, దానిని ఏప్రిల్ 15 తీర్మానం అంటారు. ఆర్థిక సహాయంతో కూడిన సీటుకు ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పి తీరాలని విద్యార్థిని నిర్బంధించబోమని దాని మీద సంతకం చేసిన విశ్వవిద్యాలయాలు మాట ఇచ్చాయి. ఆ జాబితా బహిరంగంగానే దొరుకుతుంది. మీ అబ్బాయికి సీటు ఇచ్చిన సంస్థ అందులో ఉంటే, ఆ తీర్మానాన్ని ప్రస్తావిస్తూ ఏప్రిల్ 15 వరకు గడువు కోరుతున్నానని శాఖ గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కు మర్యాదగా నాలుగు వాక్యాలు రాస్తే చాలు. జాబితాలో లేకపోతే ఆ తీర్మానం వర్తించదు, అప్పుడు కూడా అడగడంలో తప్పులేదు.

డబ్బు సంగతి కాగితం మీద వేసి చూడండి. తొమ్మిది నెలలకు 27,000 అంటే నెలకు మూడు వేలు అనిపిస్తుంది. వేసవి మూడు నెలలకు విడిగా హామీ లేకపోతే పన్నెండు నెలలకు పంచుకోవాలి, నెలకు 2,250. ట్యూషన్ మాఫీ అన్నా, విద్యార్థుల నుంచి వసూలు చేసే ఇతర ఫీజులు చాలాచోట్ల మాఫీ కావు. అవి ఏడాదికి 1,800 డాలర్లు అనుకుంటే మిగిలేది నెలకు 2,100, అదీ పన్నుకు ముందు. పన్నులో మాత్రం మన విద్యార్థులకు ఒక వెసులుబాటు ఉంది: రెండు దేశాల మధ్య ఉన్న పన్ను ఒప్పందం ప్రకారం భారతీయ విద్యార్థులు అక్కడి స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు, అంటే ఆదాయంలో ఒక నిర్ణీత మొత్తాన్ని పన్ను లెక్క నుంచి తీసేయవచ్చు. చిన్న ఊరిలో ఇద్దరితో గది పంచుకొని ఉంటే ఆ డబ్బుతో గడుస్తుంది, పెద్ద నగరమైతే కష్టం. ఆరోగ్య బీమా ఎవరు కడతారో ఉత్తరంలో లేకపోతే అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఆ ఉత్తరంలో మీరు వేలు పెట్టి చదవాల్సిన వాక్యం ఒకటుంది. చదువులో సంతృప్తికరమైన పురోగతి ఉంటే, నిధులు అందుబాటులో ఉంటే సహాయం కొనసాగుతుందనే అర్థంలో అది ఉంటుంది. ఎన్ని సంవత్సరాలకు అన్న అంకె దాని పక్కన ఉందా లేదా అన్నది చూడండి. ఐదేళ్లకు హామీ అని రాసిన ఉత్తరానికి, మొదటి ఏడాది గురించి మాత్రమే చెప్పి ఊరుకున్న ఉత్తరానికి చాలా తేడా ఉంది. ఒకే ప్రొఫెసర్ నిధుల మీద ఆధారపడిన సీటు అయితే, ఆ ప్రొఫెసర్ వేరే విశ్వవిద్యాలయానికి వెళ్లినా, ప్రాజెక్టు ముగిసినా శాఖ టీచింగ్ పని ఇచ్చి ఆదుకుంటుందా అని అబ్బాయిని అడగమనండి. అక్కడ ఇప్పుడు చదువుతున్న ఇద్దరు ముగ్గురితో మాట్లాడితే మరింత స్పష్టత వస్తుంది. వీసాకు బ్యాంకులో లక్షలు చూపించాలని భయపడకండి; విశ్వవిద్యాలయం ఇచ్చే సహాయం, వీసా కోసం అది జారీచేసే ఐ-20 పత్రంలోనే నమోదవుతుంది, ఖర్చుకు అది చాలకపోతే మిగిలిన భాగానికే ఆధారాలు చూపాలి.

ప్రశ్న: నేను ఉత్తరాంధ్రలో ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. నా దగ్గర ప్రాజెక్టు చేసిన పిల్లలు రికమెండేషన్ లెటర్ అడిగితే, మిగతా అధ్యాపకుల మాదిరిగానే నేను కూడా వారినే రాసుకురమ్మని సంతకం చేస్తూ వచ్చాను. అది తప్పని ఒక పూర్వ విద్యార్థి చెప్పాడు. ఎలా రాయాలి?

జవాబు: మీరు అడిగినందుకు సంతోషం, ఎందుకంటే ఈ అలవాటు గురించి అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనరు. ఒకే విద్యార్థి రాసిన మూడు ఉత్తరాలు మూడు సంతకాలతో వెళ్తే, విశేషణాలు కూడా ఒకేలా ఉండి చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది. దానివల్ల విద్యార్థికి నిజంగా ఉన్న ప్రతిభ మీద కూడా అనుమానం పడుతుంది. ఆ పిల్లవాడి తప్పు అందులో సగమే.

మీ ఇంగ్లీషు గొప్పగా ఉండాల్సిన పనిలేదు. ఈ విద్యార్థి మీకు ఎంతకాలంగా, ఏ పనిలో తెలుసో మొదట చెప్పండి. తర్వాత మీరు కళ్లారా చూసిన ఒక్క సంఘటన రాయండి: కరెంటు పోయి ఓవెన్ ఆగిపోయిన రోజు నమూనాలను పారేయకుండా ఏ వేళకు ఆగిందో రాసిపెట్టింది అనో, టైట్రేషన్ విలువలు మరీ చక్కగా వచ్చాయని అనుమానించి తానే మళ్లీ చేశాడు అనో. ఆ తర్వాత, మీరు ఇన్నేళ్లలో ప్రాజెక్టు చేయించిన వారిలో ఈ విద్యార్థి ఎక్కడ నిలుస్తాడో నిజం చెప్పండి. అందరినీ అగ్రశ్రేణి అంటే ఆ మాటకు విలువ ఉండదు. లోపం ఏదైనా ఉంటే ఒక వాక్యంలో రాయడం వల్ల నష్టం జరగదు, మిగతా ఉత్తరం నమ్మదగినదిగా మారుతుంది. విద్యార్థి నుంచి మార్కుల జాబితా, ప్రాజెక్టు సారాంశం, దరఖాస్తు చేస్తున్న చోట్ల వివరాలు తీసుకోవచ్చు. వాక్యాలు మాత్రం మీవై ఉండాలి.

మరో చిక్కు ఉంది. దరఖాస్తు పోర్టళ్లు సిఫార్సు చేసేవారి సంస్థ ఈమెయిల్‌ను అడుగుతాయి, మన కళాశాలల్లో చాలామందికి జీమెయిల్ తప్ప మరొకటి ఉండదు. కళాశాల వెబ్‌సైట్ ఉంటే దాని పేరుతోనే మెయిల్ ఐడీ తెరిపించమని ప్రిన్సిపాల్ గారిని కోరండి. అది కుదరకపోతే వెబ్‌సైట్‌లోని మీ పేజీలో ఆ జీమెయిల్ చిరునామానే కనిపించేలా పెట్టించండి. దరఖాస్తులో సిఫార్సు ఉత్తరాన్ని చూసే హక్కును వదులుకుంటున్నానన్న గడి ఉంటుంది. దానికి అవునని పెట్టమని పిల్లలకు చెప్పండి, లేకపోతే ఆ ఉత్తరాన్ని చదివేవారు అంత బరువుగా తీసుకోరు.

ప్రశ్న: అనంతపురంలో నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ చేస్తున్నాను. పీజీ లేకుండా నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాసి పీహెచ్‌డీలో చేరవచ్చా?

జవాబు: చేరవచ్చు. 2022లో వచ్చిన విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు లేదా దానికి సమానమైన గ్రేడు ఉన్నవారు పీహెచ్‌డీకి అర్హులు. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని ఓబీసీ, దివ్యాంగులు, ఈడబ్ల్యూఎస్ వారికి 5 శాతం సడలింపు ఉంటుంది. 2024 నుంచి నెట్‌కు కూడా ఇదే అర్హత పెట్టారు. ఇప్పుడు నెట్‌లో ఫలితం మూడు రకాలుగా వస్తుంది: ఫెలోషిప్‌తో సహా అన్నింటికీ అర్హత, అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికీ పీహెచ్‌డీ ప్రవేశానికీ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత మాత్రం పీజీ లేకుండా రాదు. ఫెలోషిప్ రానివారి మార్కులు పీహెచ్‌డీ ప్రవేశానికి ఒక్క ఏడాదే పనికొస్తాయి కాబట్టి ఫలితం రాగానే దరఖాస్తులు మొదలుపెట్టండి. మూడేళ్లకే డిగ్రీతో బయటికి వచ్చేవారికి ఈ దారి లేదు.

ప్రశ్న: వరంగల్‌లో చదువు పూర్తయింది, పై చదువుకు స్టైపెండ్‌తో సీటు కూడా వచ్చింది. ల్యాబ్‌లో నా పని సగంలో ఉంది. వెళ్లేలోపు ఏం చేయాలి? పత్రం వచ్చినప్పుడు నా పేరు ఉంటుందో లేదోనని బెంగగా ఉంది.

జవాబు: పేరు సంగతి వెళ్లేముందే మీ గైడ్‌ను సూటిగా అడగండి; మీరు చేసిన కొలతలు ఏవి, మిగిలినవి ఏవి, అవి ఎవరు చేస్తారు అన్నది ఒక పేజీలో రాసి ఆయనకు మెయిల్ చేస్తే తర్వాత జ్ఞాపకాల మీద వాదన ఉండదు. ల్యాబ్ నోట్‌బుక్ అసలు ప్రతి ల్యాబ్‌కే చెందుతుంది, అనుమతి తీసుకొని ఫొటో ప్రతి ఉంచుకోండి. పరికరం నుంచి వచ్చిన ముడి ఫైళ్లు మీ ఫోన్‌లోనో, వాట్సాప్ గ్రూపులోనో మిగిలిపోకుండా ల్యాబ్ కంప్యూటర్‌లో తేదీలతో పెట్టండి. ఫ్రిజ్‌లో మీరు వదిలివెళ్లే సీసాల మీద ఏ1, ఏ2 అని మాత్రమే ఉంటే వచ్చే నెలకే వాటిని పారబోస్తారు. పదార్థం పేరు, గాఢత, తయారుచేసిన తేదీ రాసి అంటించండి. తర్వాత వచ్చే జూనియర్‌ను పక్కన కూర్చోబెట్టుకొని ఒక ప్రయోగం మొదటి నుంచి చివరి దాకా ఆ పిల్ల చేతనే చేయించండి, మీరు చెయ్యి పెట్టకండి. పత్రం కోసం మీ కళాశాల మెయిల్ కాక సొంత మెయిల్ ఇవ్వండి, ఎందుకంటే పట్టా పుచ్చుకున్న కొన్నాళ్లకు కళాశాల ఐడీని మూసేస్తారు, సవరణల కోసం పత్రిక పంపే ఉత్తరం దానికే వెళ్తుంది.